సీదా అంటే ఏ దిక్కు

(నిజాం రాజ్యంలోకి మిలిట్రీ వచ్చిన మరుసటి ఎండాకాలం. సూర్యాపేటలో కోదాడ రోడ్డు పక్కన, బంగళాకు ఎదురుగా, గోపయ్య రిపేరు షెడ్డు. డ్రైవరు మత్తయ్య తన పటేలు కారు తెచ్చి పెట్టాడు. పటేలు కచ్చేరికి పోయాడు; ఆయన భార్య దొరసానమ్మ, పిల్లలు బంగళాలో ఆగారు.)

"మళ్ళొక్కసారి కింద దూరి సూడు గోపయ్యా. స్టీరింగు రాడు వంగే ఉంటది."

"రెండుసార్లు సూసిన మత్తన్నా. నా నడుం వంగింది గని రాడు వంగలె."

"వంగకుంటె దాపటికెందుకు గుంజుతది?"

"కారుకు గూడ దాపట, ఎలపట అంటవేందే. ఎడమదిక్కు అనరాదు?"

"ఎడ్ల కాడికెల్లి వచ్చినోన్ని, నోటికి అదే వస్తది. ఎడమదిక్కే. టైర్లల్ల గాలి సూసినవా?"

"సూసిన. అన్నిట్ల సమంగనే ఉంది. ముందటి చక్రం జాకీ మీద లేపి తిప్పిన, ఇంత గూడ వంకర తిరుగుతలేదు. బోల్టులన్ని పానా పెట్టి బిగిచ్చి సూసిన. టైరు అంచు జర గీసుకపోయింది, గంతే. ఇంతకు ఏ రాయి అది?"

"గీ బంగళ గేటు కాడ బాట పొంటి వరుసగ పాతిన్రు సూడు, సున్నమేసిన అంచురాళ్లు. మొదటి రాయికే తాకింది."

"గంత తెల్లగ కనబడతాంటె ఎట్ల తాకింది?"

"ఎట్ల తాకింది అంటె... దొరసానమ్మ ఎనక కూసొని సీదా అన్నది. నేను సీదా పోయిన. తాకింది. ఆమె పట్నంల పెరిగింది గద. ఆ ఉర్దూల సీదా అంటె సక్కగ గూడ అయితది, కుడిచెయ్యి దిక్కు గూడ అయితది. ఏదని తెలుసుకోవాలె?"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఇన్నేండ్ల సంది ఆమెను తిప్పుతున్నవ్, ఇయ్యాల తెల్వకపోయిందా?"

"ముందుగాల గిట్ల అంటుండె కాదు. ఈ మధ్యనే మొదలుపెట్టింది. సీదా, మత్తయ్యా సీదా. బాట పొడుగూత అదే పాట. చెవులు పుండైనయి. అలిసిపోయిన గోపయ్యా."

"అలుపు నీకొక్కనికేనా? పొద్దటి నుంచి నేను ఇంత గంజి గూడ తాగలె. సరె, ఎప్పటికెల్లి గుంజుతంది?"

"మిర్యాలగూడెంల ఎల్లినకాడికెల్లి గుంజుడే. పానం పీక్కపోయింది."

"ఆగాగు. రాయికి తాకింది గీడ గద? మిర్యాలగూడెంలనే గుంజితె, తాకకముందే గుంజినట్టాయె."

"అంటె... తాకినంకనే. యాదికి లేదు. జర నీళ్లియ్యి."

"కుండల ఉన్నయి, ముంచుకో. ఇంకొక్కటి చెప్పు. చేతులిడిస్తె గుంజుతదా, పట్టుకుంటె గుంజుతదా?"

"పట్టుకుంటె."

"ఇడిస్తె?"

"ఇడిస్తె సక్కగనే పోతది."

"గిట్లాంటి బండిని నేను ఎక్కడ సూడలె. రాడు వంగిన బండి చేతులిడిస్తెనే పక్కకు పోతది. ఇందాక చింతతోపు దాంక నేను తోలిన, గీత గీసినట్టు పోయింది."

"ఏదన్న ఒకటి కనిపెట్టు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. పటేలు కచ్చేరికి పోతా ఏమన్నడో తెలుసా? బండిల తప్పుంటె బాగుచేయించు, మనిషిల తప్పుంటె తాళాలు గోపయ్యకిచ్చి ఇంటికి నడువు అన్నడు."

"గంత మాటన్నడా."

"అనడా మరి? బండిల పిల్లలుండిరి. పొద్దుగూకకముందు వాళ్లను కోదాడల మేనమామ ఇంట్ల దించాలె. ఈ పని పోతె ఏం చేయాలె నేను? గీ వయసుల మల్ల ఎడ్ల కాడికి పోవాల్నా?"

"మత్తన్నా."

"ఆ?"

"బీడి పారెయ్యి. వేళ్లు కాలుతున్నయి."

"ఏవి?"

"నీ ఎడమచేతియే. కమురు వాసన నాకొచ్చింది, నీకు తెలుస్తలేదా?"

"అరె. సూడలె."

"సూసుడేంది? కాలితె సుర్రుమనదా?"

"ఏమో. ధ్యాస బండి మీద ఉండె."

"ఆ చెయ్యి పైకి లేపు."

"లేస్తది."

"లేపు మరి."

"జర బరువున్నది. నిద్ర సాలక. పొద్దటికెల్లే, గంతే."

"పొద్దటికెల్లేనా?"

"పొద్దటికెల్లే."

"మత్తన్నా, నా మొఖం దిక్కు సూసి చెప్పు."

"క్రిస్మస్ పండుగ కాడికెల్లి."

"ఇన్ని నెలలు దాపెట్టుకొని తోలినవా? దవాఖానకన్న పోయినవా?"

"పోతె ఊరంత తెలుస్తది. పక్షవాతం వచ్చినోనికి స్టీరింగు ఎవ్వడిస్తడు? పొద్దుగాల మంచిగనే ఉంటది గోపయ్యా. దూరం పోయినకొద్ది బరువైతది."

"ఆ చెయ్యి స్టీరింగుకు ఏలాడేస్తె రాతిగుండు కట్టినట్టే. ఇగ దాపటికి గుంజక ఏం చేస్తది? రాడు, రాడు అని నన్ను ఊకె కిందికి దూరిపిస్తివి."

"వంగిందని చెప్పు. ఒక్క మాట. నీ నోటితోని చెప్తె పటేలు నమ్ముతడు."

"ఇయ్యాల చెప్త. రేపు? రేపు రాయి కాకుంట మనిషి అడ్డమొస్తె? ఎనక పిల్లలుంటరు."

"ఆ పిల్లలను రజాకార్ల గడబిడల దాటించిందెవ్వరు? దీపాలార్పుకొని, గీ బండినే, కోదాడ అవుతలికి తోలిన. దొరసానమ్మ చిన్నపిల్ల నోరు చేత్తోని మూసి కూసుంది. అప్పుడు గీ చేతులే గద."

"యాదికుంది. నిన్ను ఎల్లగొట్టిచ్చిన పాపం నాకెందుకు, ఆ పిల్లల పాపం నాకెందుకు... ఆగు. దొరసానమ్మ ఇటే వస్తంది."

"చెప్తవా?"

"ఊకో."

"గోపయ్యా, అయిందా? ఆయన కచ్చేరి నుంచి వచ్చే యాళ్లయింది. తప్పు బండిలనా, మనిషిలనా అని రాంగనే అడుగుతడు."

"అమ్మా... రాడు. రాడు జర వంగింది."

"ఇందాక నువ్వు తోలుతుంటె బంగళ అరుగు మీదికెల్లి సూసిన. సక్కగనే పోయింది గద."

"పోయింది గనమ్మా..."

"నీకు అబద్ధం అచ్చిరాదు గోపయ్యా. మత్తయ్యా, ఆ చెయ్యి ఎనకకు దాసకు. కాలినట్టున్నది."

"ఏం లేదమ్మా, బీడి తాకింది. ఇగో, తాళాలు గోపయ్యకిచ్చి నేను పోత."

"తాళాలు నీ దగ్గర్నే ఉండనియ్యి. ముందు దవాఖానకు నడువు, చెయ్యి సూపించుకో. పిల్లలను ఇయ్యాల గోపయ్య కోదాడకు తోలుకపోతడు. పటేలుకు నేను చెప్పుకుంట, తప్పు నాదని."

"నీదెట్లయితదమ్మా? నువ్వు సీదా అన్నవని, అంటెనే రాయికి తాకిందని ఈయన అంటడు. గది ఉత్త సాకు."

"సాకే. చలికాలం సంది బండి ఎడమకు ఒరిగినప్పుడల్ల ఎనకకెల్లి సీదా అంటనే ఉన్న, అనంగనే ఈయన సవరించుకుంటుండె. పొద్దున రాయి కాడ అనలె గోపయ్యా. నాకు కునుకు పట్టింది."