రేపటి గాలి

వాతావరణ కేంద్రంలో పనిచేసే కూతురు డ్యూటీ దిగి నేరుగా తీరంలోని ఇంటికి వచ్చింది. నిన్న పొద్దున వేటకెళ్లిన తండ్రి పడవ ఇంకా తిరిగి రాలేదు.

“అమ్మా, నేను ఉద్యోగం మానేస్తాను.”

“నీ చిన్నప్పుడు మీ నాన్న భుజాన ఎక్కించుకుని మబ్బులు చూపించింది ఇందుకేనా?”

“నిన్న ఫోన్ చేసి, ‘బులెటిన్ సంగతి నాకొద్దు, నువ్వు చెప్పు తల్లీ’ అన్నాడు. సముద్రం నిద్రపోతోంది, వెళ్లిరా నాన్నా అన్నాను.”

“రోజూ అడిగేదేగా.”

“ఆ గాలివాన మాకెక్కడా కనబడలేదమ్మా. మధ్యాహ్నానికి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో!”

“ఆమధ్య నువ్వు వద్దంటే పడవ కట్టేశాడు. చుక్క రాలలేదు. అందరూ నవ్వితే, ‘నా కూతుర్ని చూసి తుఫానే జడుసుకుంది’ అన్నాడు.”

“నన్ను తిట్టమ్మా. ఒక్క మాటైనా తిట్టు.”

తల్లి అరచేత్తో మొహం తుడుచుకుని, గుమ్మం బయట నిలబడ్డ పడవలవాళ్ల వైపు చూసింది.

“తెల్లారగానే వెతకడానికి వెళ్తారట. గాలి ఎలా ఉంటుందని అడుగుతున్నారు.”

“బులెటిన్ చూసుకోమనమ్మా.”

“వాళ్లకి బులెటిన్ వద్దట. నువ్వు చెప్పు తల్లీ.”