దసరా యాట

పోలీసు చర్య జరిగిన మూడేళ్లకు, దసరా పొద్దున, తాండూరు సాయిబు ఒకడు కొడంగల్ దగ్గర హిందువులైన అత్తగారింట్లో గొర్రెల దొడ్డి వెనక నిలబడి భార్యతో గుసగుసలాడుతున్నాడు.

"మీ నాయిన పొద్దుగాల్ల సంది కత్తి నూరుతుండు."

"పండుగ గద. యాటను కొయ్యాలె."

"నూరుకుంట నా దిక్కే చూస్తుండు."

"వచ్చిన సంది నాతోని గూడ మాట్లాడలే."

"మరెందుకు పిలిచిండు? పోలీసు చర్య గడబిడల మా చిన్నాయనను గూడ ఊరోళ్లు గిట్లనే పిలిచిన్రు. మళ్ల రాలే."

"గట్లనకు."

"అగో, కత్తి పట్టుకొని ఇటే వస్తుండు!"

"నా ఎనకకు రా. ముందుగాల నన్ను కొయ్యమను."

ముసలాయన దగ్గరికి వచ్చి, కత్తి పిడిని అల్లుడి వైపు తిప్పాడు.

"బిస్మిల్లా అని నువ్వే కొయ్యి, అల్లుడా. మేం కోస్తే తినవంట గద. తినకుండనే పోతవేమోనని రాతిరంత నాకు నిద్రలేదు."