వెంచర్ రోడ్డు మీద బావాబామ్మర్దుల రేసు

“అవ్వా, మా నాయనా మామా బైకు రేసు పెట్టుకున్నారంట గదా, ఎవరు గెలిచినారు? నేను అప్పుడు హాస్టల్లో ఉంటి. అమ్మని అడిగితే నవ్వుతాది గానీ చెప్పదు.”

మీ అమ్మ ఏం చెప్తది తల్లీ, రేసు జరిగినంత సేపూ కొంగు మొహానికి కప్పుకొని కూచున్నది. చూస్తే గదా చెప్పేదానికి. నేను చెప్తా గానీ, ఆ రికార్డు చేసే ఫోను నా నోటికాడ పెట్టబాక, కింద పెట్టు. నా గొంతు గిద్దలూరు దాకా వినబడతది అంటాడు మీ తాత.

ఇది పోయిన ఎండాకాలం... కాదు కాదు, అంతకుముందుది. మన ఎర్రమేక కవలల్ని ఈనింది చూడు, ఆ యేడు. మీ మామ శీనుగాడు బోరుబండి పని బాగా దొరికి పెద్ద బైకు కొన్నాడు. ఎర్రది. దాన్ని స్టార్ట్ చేస్తే వాకిట్లో కోళ్ళు గాదె కిందికి దూరేవి. బైకంటే గుర్తొచ్చె, మా కాలంలో మీ తాత గంటకు పావలా ఇచ్చి అద్దె సైకిలు తెచ్చేవాడు. దానికి బ్రేకులుండవు, కాలు నేలకు రాస్తే అదే బ్రేకు. చెప్పులరిగిపోయేవి. నన్నొకసారి ఎక్కించుకొని చింతతోపు కాడ... సరే, అది వద్దులే, మీ తాత వింటాండాడు.

ఆఁ, మీ మామ కొన్నాడా. మీ నాయన ఊరుకుంటాడా? మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, బామ్మర్దికి తగ్గుతానా అని ఆయనా ఒకటి తెచ్చె. నల్లది. మీ నాయన నాకు అల్లుడే గానీ, అంతకుముందు నా తమ్ముడి కొడుకు. ఈ చేత్తోనే ముక్కు తుడిచినా. అందుకే వాడూ వీడూ అంటా, నువ్వేమనుకోబాక.

మీ కొత్తింట్లో పాలు పొంగించిన రోజు మొదలైంది గొడవ. మీ మామ, “బావా, నీ బండి అరుపే గానీ ఉరకదు” అన్నాడు. మీ నాయన, “నీది కంపెనీ ఇచ్చినట్టు లేదురా, లోపల ఏందో మార్పించినావు” అన్నాడు. “నట్టు గూడా ముట్టుకోలేదు, ప్రమాణం చేస్తా!” “నాదీ అంతే, షోరూం నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. రా మరి, చూసుకుందాం!” పాలు పొంగి పొయ్యిలో పోయినాయి, ఎవరూ చూడలేదు. మీ మామ అన్నం తినకుండా లేచిపోయినాడు. అంతే, మాటల్లేవు. మీ అమ్మ అటు మొగుడు, ఇటు తమ్ముడు. ఒకాయన ఫోను చేసి, “మీ తమ్ముడికి చెప్పు,” ఇంకొకాయన, “మీ ఆయనకి చెప్పు.” పాపం అది టెలిఫోను స్తంభమైపోయె. నాకాడికొచ్చి ఏడ్చింది తల్లీ, ఇద్దరూ ఒక పంక్తిలో కూచొని తినేది మళ్ళ చూస్తానా అమ్మా అని.

ఇంతలో తెలిసింది, ఇద్దరూ నంద్యాల రోడ్డు మీద పందెం పెట్టుకున్నారని. లారీలు పోయే రోడ్డు! నాకు ఒళ్ళు మండింది. నీకు దానియేలు తెలుసు గదా, మన పాస్టరయ్య తమ్ముడు. కురిచేడు కాడ బైకు మీద నుంచి పడె, తలకు హెల్మెట్టు లేదు. బతికినాడు, దేవుడి దయ. కానీ చిన్నప్పుడు నా చేతి ముద్దలు తిన్నోడు, మొన్న ఎదురుపడి, “ఎవరమ్మా నువ్వు?” అన్నాడు. నవ్వుతానే అడిగినాడు.

అందుకని ఇద్దరినీ పిలిపించి చెప్పినా. “మీరు మానుకోరు, నాకు తెలుసు. నేను వద్దంటే నా కళ్ళు గప్పి పోతారు. పందెం పెట్టుకుంటే నేను చెప్పినచోట, నేను చెప్పినట్టు. ఓడినోడు బండి తాళం నాకియ్యాల, మళ్ళీ ఉగాది దాకా.” ఇద్దరూ గెలుస్తామనుకొని తలకాయలూపినారు.

మన గొర్రెలు మేసే బీడు పక్కన వెంచర్ వేసినారు గదా, పెద్ద ఆర్చీ కట్టి. ప్లాట్లే గానీ ఇల్లు ఒకటి లేదు. లోపల తారురోడ్డు గీత గీసినట్టు నేరుగా ఉంటది. వాచ్‌మేన్ను అడిగితే, “ఓనరుగారు నెలకొకసారొస్తారు పెద్దమ్మా, ఆర్చీ కాడ నేను గేటేస్తా, ఎవరూ లోపలికి రారు” అన్నాడు. బాగుంది గానీ రోడ్డు పక్కన వరసగా ప్లాట్ల హద్దురాళ్ళు. నాకు రాళ్ళు కాదు, పగిలిన మోకాళ్ళు కనబడినాయి. మీ అమ్మా నేనూ ముందురోజు శనగపొట్టు గోతాల్లో కుక్కి రాయిరాయికీ కట్టినాం. చూసేవాళ్ళకి షావుకార్లు ప్లాట్లు కొనడానికి బొజ్జలేసుకొని వచ్చి కూచున్నట్టు ఉండె.

పొద్దున్నే వచ్చినారు ఇద్దరూ. మీ మామ హెల్మెట్టు మోచేతికి తగిలించుకొని, కాళ్ళకు హవాయి చెప్పులు. “నీ తలకాయ మోచేతిలో ఉందంట్రా?” అన్నా. మీ నాయన టీషర్టు, నల్లకళ్ళద్దాలు, పెళ్ళిచూపులకు పోయేటట్టు. “పడితే చర్మం రోడ్డుకు అంటుకుంటది, జాకెట్లేవీ?” అంటే, “అత్తా, ఇంత ఎండలో జాకెట్టేంది?” అంటాడు. నేను మనింటికి పోయి, పాత బొంతలు రెండు తెచ్చినా. నడుమ బొక్క పెట్టి, తల దూర్చి, తాళ్ళతో బిగించి కట్టినా. మందు కొట్టేటప్పుడు వేసుకునే రబ్బరు బూట్లు మీ మామకు. మిరపకాయలు కోసేటప్పుడు చేతులకు తొడుక్కునే గ్లవుజులు ఇద్దరికీ. హెల్మెట్లు గూడా ఇద్దరి తలలకూ నేనే పెట్టి, గడ్డం కింద బెల్టు టక్ మనేదాకా బిగించినా. మీ అమ్మ చూసి, “అమ్మా, వీళ్ళు రేసుకు పోతాండారా, పరుపులమ్మేదానికా?” అన్నది. వాచ్‌మేన్ ఫోటో తీసుకున్నాడు. మీ నాయన, “అది డిలీట్ చెయ్” అని బతిమాలినాడు.

ఇంకొకటి. గెలుపు గీత గోడకాడ వేసినారు ఆ తెలివైనోళ్ళు! రోడ్డు చివర కాంపౌండు గోడ, గీత దానికి మూరెడు దూరంలో. “అయ్యా, గీత దాటినాక యాడ ఆగుతారు, గోడ అవతలనా?” అన్నా. అంత స్పీడు మాట్లాడుకున్నారు గానీ ఆగేది ఒక్కరికీ తట్టలా. నేనే సున్నం తీసుకొని సగం రోడ్డు కాడ గీత గీసినా. ఆడ మీ తాత విజిలు పట్టుకొని నిలబడాల. గొర్రెల్ని కూడా ఆయనే చూసుకోవాల, బీడు దాటి రాకుండా.

సరే. ఇద్దరూ నిలబడినారు. బళ్ళు గుర్రుమంటాండాయి. నేను తువ్వాల పైకెత్తినా. దేవుడా, ఇద్దరూ నా పిల్లలే, అనుకొని తువ్వాల దించినా.

మీ మామ బాణం మాదిరి పోయినాడు. మీ నాయన ఏం చేసినాడంటే, క్లచ్చు ఠక్కున వదిలినాడంట. ముందు చక్రం లేచింది చూడు! ఎద్దు ముందరికాళ్ళు ఎత్తినట్టు నిలువునా లేచె. మీ నాయన వెనక్కి జారి, పిర్రల మీద పడి, మళ్ళ వెల్లకిలా పడి, తల ఠప్ మని తారుకు కొట్టుకున్నది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బండి మాత్రం మళ్ళీ చక్రం దించి, యజమాని ఎక్కినాడా లేదా అని గూడా చూసుకోకుండా కొంచెం దూరం పోయి, మెల్లిగా వాలి, ఒక పొట్టు గోతాన్ని ఆనుకొని పడుకున్నది.

మీ మామ గీత కాడికి పోనే పోయినాడు. ఇంకో బారెడు పోతే గెలిచేవాడు. అద్దంలో చూసుకున్నాడు, బావ లేడు. బండి ఆపినాడు, గీత ఇవతలే. దాన్ని ఆడనే వదిలేసి, బొంత ఎగరేసుకుంటా, ఆ రబ్బరు బూట్లు టపటపమంటా వెనక్కి ఉరికొచ్చినాడు. “బావా! బావా!” అని ఒకటే అరుపు. అన్ని నెలల తర్వాత నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

వాడు హెల్మెట్టు పీకబోతే నేను చెయ్యి మీద ఒక్కటేసినా. “పీకబాక! మెడకు తగిలిందేమో!” అని. 108 బండాయన చెప్పినాడు నాకు ఒకసారి. “ఒరే భాస్కరా, వేళ్ళు కదిలించు నాయనా” అన్నా. చేతివేళ్ళు కదిలె. కాలివేళ్ళు కదిలె. అప్పుడు కళ్ళు తెరిచి మొదటి మాట ఏమన్నాడో తెలుసునా? “ఎవరు గెలిచినార్రా?”

మీ మామ ఏడుస్తా, “నువ్వే బావా, నువ్వే.”

“అబద్ధం చెప్పబాకరా. నేను ఈడనే ఉంటి గదా!”

అప్పుడే దూరంగా విజిలు, పీఁ... పీఁ... అని ఆగకుండా. ఏందా అని చూస్తే, ఆ బళ్ళ మోతకు గొర్రెలు బెదిరి రోడ్డెక్కినాయి. మీ తాత రేసు చూస్తా వాటి సంగతే మరిచిపోయినాడు. అన్నిటికంటే ముందు మన కొమ్ముల పొట్టేలు గీత దాటిందంట. ఈయన గీత దాటినోళ్ళకు విజిలెయ్యమన్నారు గదా అని వేస్తాండాడు! గెలిచింది అదే తల్లీ. ఇంకెవరూ ఆ గీత దాటలేదు.

మీ నాయన నవ్వబోయి, “అబ్బా” అని పిర్రలు పట్టుకున్నాడు. మీ మామ ఏడుపులోనే నవ్వినాడు. మీ అమ్మ అప్పుడు తీసింది మొహం మీద కొంగు.

గిద్దలూరు ఆసుపత్రికి తీసుకపోయినాం. మెడా తలా అన్నీ బాగుండాయి, వాపొక్కటే అన్నాడు డాక్టరు. అన్నం మాత్రం కొన్నాళ్ళు నిలబడి తిన్నాడు మీ నాయన. మీ మామ గూడా పక్కనే నిలబడి తిన్నాడు, బావకు తోడని. మీ అమ్మ ఒక పంక్తిలో చూడాలనుకున్నది కూచున్నోళ్ళని, దానికి నిలబడినోళ్ళు దొరికినారు.

ఆ హెల్మెట్టు చేతిలోకి తీసుకొని చూసినా నేను. వెనకాల ఇంత పొడుగున చీలిక. వేలు పెట్టి చూసి, మళ్ళీ పెట్టలేకపోయినా. అది మీ నాయన తల కావల్సింది గదమ్మా... ఇంక దాన్ని పెట్టుకోగూడదు అన్నారు. పారెయ్యబుద్ధి కాలేదు. మన నల్లకోడి అందులోనే పొదుగుతాది ఇప్పుడు. చూసినావా లేదా? గంపలో ఎప్పుడూ గుడ్లు వదిలేసి పోయే కోడి, అందులో కూచుంటే లేవదు.

తాళాలు రెండూ నా రొంటిన దోపుకున్నా. గెలవలేదు కాబట్టి ఇద్దరూ ఓడినట్టే గదా. ఉగాది దాకా ఇద్దరూ బస్సులో తిరిగినారు. ఒకే సీట్లో. కండక్టరు దగ్గర చిల్లర కోసం ఇద్దరూ కలిసి పోట్లాడేవాళ్ళంట, అదొకటి మళ్ళీ. ఇప్పుడు రేసు కావాలంటే అంబులెన్సూ అదీ పెట్టి, బండీ బట్టలూ పరీక్ష చేసి పంపించే రేసు ట్రాకు కాడికి పోతారు. నిజం జాకెట్లు కొనుక్కున్నారులే. మీ నాయన దానిమీద గూడా నా బొంత కప్పుకుంటానంటే ఆడ ఒప్పుకోలేదంట.

నువ్వేందీ, లేస్తాండావు? పొద్దు ఉన్నప్పుడే పోతావా మార్కాపురం? పో తల్లీ, చల్లగా ఉండు. నీ స్కూటీ మెల్లిగా పోనీ, గుంతల కాడ చూసుకో. నూరేళ్ళు బతుకు, పెద్ద ఉద్యోగం చెయ్యి, ఆ ఉద్యోగానికి నన్ను ఒక్కసారి వెనకాల ఎక్కించుకొని పో... ఏయ్, ఆగు ఆగు. గడ్డం కింద ఆ బెల్టు పెట్టుకోలా. ఊఁ, బిగించు. టక్ మని నాకు వినబడాల. ...వినబడలా. ఇంకోసారి. ఆఁ, అదీ. ఇంక పో అమ్మీ, పో...