దోసకాయ వాసన చేప

కాలేజీ గేటు ఎదురుగా టీకొట్టు, సీసాల మావయ్య చెల్లెలిది. బెంచీ మీద మావయ్య, ముప్పై ఏళ్లుగా కాలేజీలో చేపల సీసాలు చూసుకునే మనిషి. వింటున్నవాడు వ్యాన్ డ్రైవరు.

"ఏదో పొడిచేశానని కాదురా అల్లుడూ, వానకి పైకప్పు కారి మూడొందల సీసాల మీద చీటీలు ఊడిపోయాయి. పేరు లేని చేపలెందుకు, సోమవారం పారబోసేయమన్నాడు ప్రిన్సిపాలు. పారబోస్తే మళ్లీ దొరుకుతాయా? ప్రాణం ఉసూరుమంది. సరే చూద్దామని ఒక మూత తీశానా, గుప్పున దోసకాయ వాసన."

"చేపకి దోసకాయ వాసనేంటి మావయ్యా?"

"స్మెల్ట్ చేపంటే అంతే మరి. చలినీళ్లలో ఉంటుంది, జానెడు. సాల్మన్‌కి చుట్టం. వీపు మీద, తోక దగ్గర, ముల్లు లేని బుల్లి కండరెక్క రెండిటికీ ఉంటుంది. అది చూసి పండితులు ఒకప్పుడు రెండిటినీ ఒకే ఇంట్లో కూర్చోబెట్టారు. నేను ముక్కుతో వేరుకాపురం పెట్టించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోరోజు మూత తియ్యక్కర్లేదు, గేటు దగ్గర నిలబడి పేర్లు చెప్పేశా. మూడోరోజు మంచం దిగకుండానే చెప్పేశా. ఆ నెల్లోనే సముద్రం అవతల ఏట్లోకి స్మెల్ట్ గుంపు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంటే ఇక్కడ నా ముక్కుకి తెలిసిపోయింది. లెక్కపెట్టా, లక్షా పదకొండు. అందులో ఒకటి సాల్మన్ పిల్ల, దొంగచాటుగా దూరింది. అక్కడివాళ్లకి ఉత్తరం రాశా, తీసేశారు. స్మెల్టుల్లోనే ఇంకో జాతి ఉంది, ఎండబెట్టి వత్తి పెడితే కొవ్వొత్తిలా వెలుగుతుంది. ఇది పుస్తకంలో ఉంది."

"మరి మిగతాది?"

"రాయడానికి వాళ్లకి ముక్కు చాలలేదు."

డ్రైవరు నవ్వుతూనే ముక్కు మూసుకున్నాడు. పొయ్యి మీద పాలు మాడిపోతున్నాయి. పొయ్యి పక్కనే కూర్చున్న మావయ్య మాత్రం ఏమీ ఎరగనట్టు టీ ఊదుకుంటున్నాడు.

చెల్లెలు గిన్నె దించింది. "అన్నయ్యా, చేపలు కుళ్లకుండా ఆ సీసాల్లో పోసే మందు నీ ముక్కు తినేసి పదిహేనేళ్లయింది. మూడు రోజులు ఒక్కో చేపనీ వేళ్లతో తడిమావు. ఆ కండరెక్క ఉందా, పొట్టకింద రెక్క మొదట్లో సాల్మన్‌కుండే చిన్న పొలుసు ఉందా లేదా అని చూసి చీటీలంటించావు. వేళ్ల తోలు ఊడిపోతే అన్నం కలిపి నోట్లో పెట్టింది నేను. చేపల పాఠం చెప్పే మేడం వచ్చి పుస్తకం పెట్టి చూస్తే ఒక్కటీ తప్పు పోలేదు. ఆ మాట చెప్పవేం?"

మావయ్య చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు. "వేళ్లతో చేశానంటే ఎవడు వింటాడే?"

డ్రైవరు వ్యాన్ తాళాలు జేబులో వేసుకుని బెంచీ మీద దగ్గరికి జరిగాడు.

"నేను వింటా. మొదటి సీసా నుంచి చెప్పు."