అన్న ఇచ్చిన టిఫిను

అగో, గదేందే పద్మా, గా డబ్బకు వైరేంది? కరెంటు టిఫినా? ఫోన్ల తెప్పిచ్చినవా? దాంట్ల అన్నం పెడితె పొయ్యి లేకుంట అదే వేడైతదా? ఇటు దే బిడ్డా, జర సూడనియ్యి. అబ్బ, మస్తు తేలికున్నది. నస్పూర్ల మీ ఆఫీసుల అందరు గిట్లాంటియే తెచ్చుకుంటరా? మంచిగున్నది తియ్యి. గిప్పుడు మా అన్న బతికుంటె నీకు అన్నం తిననియ్యకపోవు ఎరికేనా? ముందుగాల బోర్లిచ్చెటోడు. అడుగుకున్న స్క్రూలు పీకి, లోపట ఏమున్నదో సూసినంకనే నీ చేతికిచ్చెటోడు. మీ అంబదాస్ తాత. నువ్వు సూడలే. మీ బాపు పెండ్లి దాక ఉన్నడు, నువ్వు పుట్టకముందే పోయిండు. ప్లగ్గు పెట్టు, పెట్టు. నేను జెప్తాంటె అది వేడైతది. ఎర్ర లైటొచ్చింది సూడు.

అంబదాసని పేరేందంటవా? మా అవ్వది బోథ్ దిక్కు. ఆ దిక్కు సగం మాట మరాఠీల ఉంటది, పేర్లు గూడ గట్లనే. మనిషి సన్నగ, పొడుగ్గ, జేబుల ఎప్పుడు స్క్రూడ్రైవరు. మొదలు మనోళ్లందరి లెక్కనే బట్ట నేసే సాంచ నడిపిండు. కని సాంచ నడుస్తుంటె బట్ట దిక్కు సూడడు, సాంచను ఆపి గిదెట్ల నడుస్తుందని లోపట చెయ్యి పెట్టెటోడు. 'నీకో దండం అంబదాసూ, నీతోని నా కార్ఖాన మూతవడ్తది' అని ఆసామి పంపిచ్చేసిండు. ఇగ రేడియోలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు బాగుజేసుకుంట బతికిండు. బాగుజేసుడంటె విప్పుడు ఎక్కువ, బిగిచ్చుడు తక్కువ అనుకో. మా వదినె ఎంత మొత్తుకునేదో పాపం. ఇంట్ల ఒక్క గడియారం నిండుగ లేకపోయేది.

సదానందంది చాయ్ హోటలుండేది, అండ్ల అన్న కూసున్నడంటె ఇగ లేవడు. 'చాయ్ కప్పు కింద సాసరెందుకు పుట్టిందే సదానందం?' అంటడు. 'కింద కారకుంట' అని ఆయనంటె, 'కాదే, తీరిక ఉన్నోడు కప్పుల తాగుతడు, పనికి ఉరికెటోడు సాసర్ల పోసుకొని తాగుతడు, ఒక్క చాయ్‌కి రెండు జాతులున్నయి' అంటడు. బొక్క పైస ఒకటి జేబుల పెట్టుకొని తిరిగెటోడు. 'లడాయిల రాగి సాలక నడుమ బొక్క పెట్టిండ్రు. సర్కారుకు తక్కువ వడితె మన పైసకే బొక్కవడ్తది' అనెటోడు. ఎలచ్చన్లొస్తె, 'ఓటు డబ్బకు తాళమేసి లక్క ముద్ర కొడ్తరు, గెలిచినోని నోటికి ఎవడు గొడ్తడే' అని అడుగుడు. హోటలంత నవ్వెటోళ్లు. పోలీసు జీపు సప్పుడైతె మాత్రం నవ్వు బందయ్యేది. అవి గట్లాంటి దినాలు మరి.

అన్నలంటె ఎవలో నీకు ఎరికేగద? అడివిల ఉండెటోళ్లు. గప్పుడు గా మాట బజార్ల మెల్లగ అనెటోళ్లం. ఇంట్ల తోడవుట్టినోన్ని గూడ 'అన్నా' అని గట్టిగ పిలువాలంటె భయమయ్యేది, నవ్వకు, నిజమే జెప్తున్న. ఇగ టిఫిన్లయితె వద్దే వద్దు. ఏడనో టిఫిను డబ్బల బాంబు పెట్టి మోరీ కింద పేల్చిండ్రని పేపర్ల వచ్చిందట. గప్పట్నుంచి బస్సుల ఎవడన్న సద్ది మర్సిపోతె బస్సు బస్సే ఖాళీ అయ్యేది. పోలీసోళ్లు తీస్కపోయినోళ్లల్ల కొందరు మల్ల ఇంటికి రాలే. గది గూడ ఎరుకుంచుకో, లేకుంటె నేను జెప్పెడిది నీకు నవ్వులాటయితది.

మీ సొంత తాతకు, అంటె నా పెనిమిటికి, కడుపునొప్పి. పొద్దుగాల కార్ఖానకు కట్టిచ్చిన అన్నం పగటీలికి సల్లగయి గట్టిపడేది, అది తిని మెలికెలు తిరిగెటోడు. నేను ఓనాడు అన్న ముంగట ఏడ్సిన. ఏడ్సుడే తప్పైంది. 'కమలా, ఫికర్ జెయ్యకు. అన్నం సల్లగైతె మనిషి సల్లగైతడు. ఎంతెంత రాజులు గూడ వేడన్నం కాన్నే ఓడిండ్రు' అన్నడు. ఏ రాజు ఓడిండో నాకు తెల్వది, ఆయనకు తెల్వది. ఇంటికి పోయి తలుపు పెట్టుకున్నడు. ఇగ ఎన్ని దినాలకో స్టీలు టిఫినొకటి వట్టుకొచ్చిండు. అడుగు గిన్నెల బ్యాటరీ సెల్లులు పేర్చిండు. పాత ఇస్త్రీ పెట్టెల కాయిలు, ఎర్ర వైరు, నల్ల వైరు, నడుమ చిన్న టైంపీసు. అన్నం యాళ్లకు గా టైంపీసు గంట కొట్టాలె, కాయిలు ఎర్రగ కావాలె, మీది గిన్నెల అన్నం పొగలు రావాలె. గదీ ఆయన లెక్క. చెవి దగ్గర పెట్టుకుంటె టిక్కు టిక్కు టిక్కు.

మొదటి దినం మీ తాత కార్ఖానకెళ్లి వచ్చెటాలకు అన్న మా గడపలనే కూసోనున్నడు. 'బావా, ఎట్లున్నది?' అన్నడు. మీ తాత ఆయన మొఖం సూసిండు. 'మస్తు వేడున్నది బావా, నాలుక గాలింది' అన్నడు. అబ్బ, అన్న సంబురం సూడాలె బిడ్డా, పండుగ జేసుకున్నడు. ఆయన పోయినంక మీ తాత నాకు మెల్లగ జెప్పిండు. 'ఏం వేడి లేదు కమలా. గంటైతె కొట్టింది గని, అన్నం మొత్తం సల్లగున్నది. ఆయనకు మాత్రం జెప్పకు. ఎంత కష్టపడ్డడో, మనసు నొచ్చుకుంటడు.' ఇగ రోజూ గదే కత. సల్లటన్నం తినుడు, వేడున్నదని జెప్పుడు. ఓనాడైతె 'జర ఎక్కువ వేడైతుంది బావా, కొంచెం తగ్గియ్యరాదు' అన్నడు గూడ! అన్న దాన్ని విప్పి నిజంగనే ఏదో తగ్గిచ్చిండు. నేను లోపటికి పోయి కొంగు నోట్ల కుక్కుకున్న. ఇగ అన్న ఊరంత జెప్పుకున్నడు. ఎరుకున్నది మా ఇద్దరికే.

గట్ల నడుస్తుంటె, ఓనాడు మా ఊరికి పెద్ద మంత్రి ఒకాయన వస్తుండని పొద్దుగాల సంది పోలీసోళ్లు నిండిండ్రు. వాగు వంతెన కాడ అందర్ని ఆపి సంచులు సూస్తుండ్రట. మీ తాత సైకిలుకు టిఫిను తగిలేసుకొని పోతుండు. ఒక జవాను టిఫిను చేతికి తీసుకున్నడు. టిక్కు టిక్కు. వాడు దాన్ని కింద పెట్టి ఎనుకకు ఎట్ల ఉరికిండో నాకు తెల్వది గని, మీ తాత మెడ మీద మాత్రం తుపాకి పెట్టిండ్రు. ఎస్సై ఆంధ్ర దిక్కాయన, పడుసు పిలగాడు. 'ఎవడిచ్చాడ్రా ఇది నీకు?' అన్నడట. మీ తాత 'మా ఇంటిదాని అన్న ఇచ్చిండు సారూ' అందామనుకున్నడు. భయానికి నోరు తడారిపోయి ముందటి మాట మింగిండు. 'అన్న... అన్న ఇచ్చిండు సారూ' అన్నడు. ఇగ అయిపాయె! చేతులు ఆయన తువ్వాలతోనే ఎనుకకు కట్టి జీపుల ఏసిండ్రు. టిఫినును మెల్లగ తెచ్చి టాకీసు ఎనుక మైదానంల నడుమ పెట్టి, సుట్టు ఇసుక బస్తాలు పేర్చిండ్రు. బాంబులు తీసెటోళ్లు కరీంనగర్‌కెళ్లి రావాలెనట.

గప్పుడు మా అన్న ఏడున్నడు? హోటల్లనే. గీ ముచ్చట సదానందమే నాకు తర్వాత జెప్పిండు. ఎవడో ఉరికొచ్చి 'టాకీసు కాడ టిఫిన్ బాంబు దొరికింది, టిక్కు టిక్కు మంటుందట' అన్నడట. అన్న నవ్విండట. 'టిక్కుమన్నదల్ల బాంబైతె ఇంటింటికి బాంబే గదనే' అని మొదలువెట్టిండట. అంతల్నే ఆగిండు. చాయ్ సాసర్ల పోసుకున్నది పోసుకున్నట్టే ఉన్నది. 'అరె... గది నాదే' అన్నడు. బల్ల మీద ఆయన పక్కపొంటి కూసున్నోళ్లంత లేసి నిలవడ్డరు. సదానందం ఆయన చెయ్యి వట్టుకున్నడు. 'నోరు మూస్కో అంబదాసూ. నాది గాదను. ఊరిడిసి ఇచ్చోడల మీ అత్తగారింటికి పో. నిన్ను బాంబులు జేసెటోడంటరు, నీ పీనుగ గూడ దొరకదు.' అన్న చెయ్యి విడిపిచ్చుకున్నడు. 'నేను పోతె బావను ఎవలు విడిపిస్తరే?' అన్నడు. గంతే, టాకీసు దిక్కు నడిసిండు.

నేను గప్పటికే ఆడున్న. ఎట్ల ఉరికిన్నో ఎరుకలే, చెప్పులు గూడ లేవు. ఊరంత గోడ ఎనుక నక్కి సూస్తుండ్రు. మీ తాత జీపుల, పెదవి పలిగి రక్తం. అన్న రెండు చేతులు మీదికి లేపుకుంట మైదానంలకు వచ్చిండు. 'ఎవడ్రా నువ్వు, ఆగక్కడే!' అన్నడు ఎస్సై. 'సారూ, గది నాది. నేనే జేసిన. గది బాంబు గాదు, అన్నం' అన్నడు. 'అన్నా? ఏ అన్న?' 'అన్నం సారూ, అన్నం! తినేది!' గా మాట నోట్ల ఉండంగనే టిఫిను మోగింది బిడ్డా. ట్రిణ్ణ్ణ్ణ్ణ్ అని! పోలీసోళ్లంత బోర్ల పడ్డరు, ఎస్సై గూడ దుమ్ముల పడ్డడు. గోడ ఎనుక ఆడోళ్లు గొల్లుమన్నరు. నేనైతె కండ్లు మూసుకున్న. తెరిసెటాలకు మైదానంల నిలవడ్డది మా అన్న ఒక్కడే. చేతులు అట్లనే మీదికున్నయి. 'గదే సారూ,' అంటుండు, 'అన్నం యాళ్లయింది.'

ఎవడో నవ్విండు. నవ్వకపోతె మంచిగుండు. ఎస్సై మోకాళ్లు దులుపుకుంట లేసిండు, మొఖం కందగడ్డయింది. 'వేడి చేస్తుందంటున్నావ్ కదా? వెళ్లు. నువ్వే తెరువు, నువ్వే తిను. అన్నం వేడిగా లేకపోయిందనుకో...' అని ఆగిండు. జీపు దిక్కు సూసిండు. మిగిలింది చెప్పలే. చెప్పకపోతేమాయె, అందరికి సమజయింది. అన్నకేమో ఫికరే లేదు. 'రోజు పొగలొస్తది సారూ, మా బావనడుగుండ్రి, నాలుక గాల్తదంటడు' అనుకుంట పెండ్లికి పోయినట్టు పోతుండు.  మీ తాత జీపులకెళ్లి నన్ను సూస్తుండు, నేను ఆయనను సూస్తున్న. అది ఏనాడు వేడి కాలేదని అరుద్దునా? మరి వేడి గాకపోతె గా వైర్లెందుకు, గా గడియారమెందుకు అంటరు. అరువకపోతె, ఆడ అన్న చెయ్యి పెట్టెటాలకు ఎట్లనన్న ఎరుకైతది. ఏం జెయ్యాలె చెప్పు? 

అన్న బస్తాల నడుమ కూసున్నడు. మూత తీసిండు. అన్నం గిన్నె మీద అరిచెయ్యి ఆనిచ్చిండు. ఆనిచ్చి అట్లనే ఉంచిండు. మల్ల ఇంకో దిక్కు ఆనిచ్చిండు. వీపు ఒక్కటే కనవడ్తుంది నాకు. గా వీపు మెల్లగ వంగింది బిడ్డా. తల తిప్పి సూసిండు, ఎస్సై దిక్కు గాదు, జీపు దిక్కు, మీ తాత దిక్కు. గప్పుడు ఎరుకైంది ఆయనకు. ఇన్ని దినాలు ఏం తిన్నడో, ఏం జెప్పిండో అంత ఎరుకైంది. నాకు ఆగలే. 'అన్నా!' అని ఒర్లుకుంట ఉరికిన. అన్నా అన్నది వినంగనే తుపాకులన్ని నా దిక్కు తిరిగినయి. 'కాల్చకుండ్రి! మా చెల్లె! నన్నే పిలుస్తుంది, నేనే దాని అన్న!' అని లేసి నిలవడ్డడు, రెండు చేతులు సాపి. ఎస్సై చెయ్యి లేపిండు, ఎవ్వలు కాల్చలే. పోయి అన్న పక్కన కూలవడ్డ. గిన్నె ముట్టుకున్న. ఇనుము లెక్క సల్లగున్నది. అన్న ముద్ద కలిపిండు. నోటి కాడికి తెచ్చి ఊదిండు. ఊఫ్... ఊఫ్... అని ఊదిండు బిడ్డా, సల్లటన్నాన్ని! 'కాల్తుందే కమలా. నువ్వు గూడ మెల్లగ తిను' అన్నడు. నేను గూడ ముద్ద తీసుకొని ఊదిన. కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతున్నయి ఇద్దరికి. దూరంకెళ్లి సూసెటోళ్లు వేడికే అనుకున్నరట.

ఎస్సై నడుసుకుంట వచ్చిండు. బూట్ల సప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది. మా ముంగట గొంతుకూసున్నడు. అన్న మొఖం సూసిండు, నా మొఖం సూసిండు. గిన్నెల చెయ్యి పెట్టి, కూరల అద్దుకొని, ఒక ముద్ద నోట్ల ఏసుకున్నడు. నమిలిండు. అమ్మో, ఎంత సేపు నమిలిండే! నేను ఎల్లమ్మకు మొక్కిన, సాయిబుల దర్గకు మొక్కిన, ఎవ్వల్ని ఇడువలే. మింగిండు. లేసిండు. 'కూరలో ఉప్పు తక్కువైంది' అన్నడు. ఎనుకకు తిరిగి, 'వాణ్ణి వదిలేయండి' అన్నడు. టైంపీసు మాత్రం పీక్కపోయిండు, మల్ల ఇయ్యలే.

ఇంటికి ముగ్గురం నడిసినం. అన్న ముంగట, ఉత్త టిఫిను పట్టుకొని.   వాడకట్టు మూల మల్లంగ, ఎనుకకు తిరుగకుంటనే అన్నడు. 'బావా, కడుపునొప్పి తక్కువైందన్నవ్ గద... గదన్న నిజమేనా?' మీ తాత తల వంచుకొని నడిసిండు. తెల్లారి సంది మీ తాతకు నేను సద్ది కట్టలే బిడ్డా. పగటీలైందంటె అన్ననే వచ్చి, పొయ్యి మీదికెళ్లి దించిన గిన్నెను గొంగట్ల సుట్టుకొని, సైకిలు తొక్కుకుంట కార్ఖానకు పోయి, మీ తాత తినేదాక ముంగట కూసొని వచ్చెటోడు. కాళ్లు ఆడినన్ని దినాలు పోయిండు, ఎండల్ల, వానల్ల. నాకు మాత్రం జెప్పిండు, 'కమలా, ఇగ నన్ను బజార్ల అన్నా అనకు, అవ్వ దిక్కు మాట ఉన్నది గద, దాదా అను' అని. సచ్చిపోయిన్నాడు మాత్రం అన్నా అనే ఏడ్సిన. ఎవల భయమిగ.

ఉప్పు ఏసిన్నే నేను. రుచి జూసే కట్టిన... అగో, నీ డబ్బ లైటు ఆరింది సూడు. ఆరితె అయినట్టేనా? మూత తియ్యి. చెయ్యి ఆనిచ్చి సూడు. కాల్తుందా? నిజంగనేనా బిడ్డా? నా మొఖం సూసి జెప్పకు. గిన్నెను ముట్టుకొని జెప్పు.