రేడియేటర్‌లో పసుపు

ఐరాల దాటాక, కాణిపాకం పోయే దారిలో ఒక పాత వ్యాను ఆగి ఉంది. పెళ్లయి నెల తిరగని రూపశ్రీ ముందు సీటు ఎత్తి ఇంజనులోకి తొంగి చూస్తోంది. భర్త సునీల్‌కుమార్ పక్కనే నిలబడ్డాడు.

“ఆ మూత ముట్టద్దు రూపా! మొగం కాలిపోతాది!”

“అరగంట ఆగినాం కదండీ. గుడ్డ ఏసి కొంచెమే తిప్పుతాను. బుస్సుమంటే ఆపేస్తాను. మా అన్న నేర్పించినాడు నాకు.”

“మెకానిక్‌ను పిలుస్తాం. వాళ్లే చూసుకుంటారు.”

“వేడి చూపించే ముల్లు ఎర్రగీత తాకిందంటే ఫ్యానన్నా తిరక్కుండా ఉండాల, నీళ్లన్నా తగ్గుండాల. ఫ్యాను తిరిగింది, నేను విన్నాను. అంటే నీళ్లే! సూడండి, మన బండి జబ్బు నేనే కనుక్కుంటా ఉండాను. ఎంత బాగుండాదో!”

“ఎండలో రోడ్డు మీద నిలబడేది బాగుండాదా?”

“మీతో నిలబడితే బాగుండదా ఏంది? ఆ, తిరిగింది... ఏమండీ, ఇదేంది?”

“ఏంది?”

“నీళ్లు పసుప్పచ్చగా ఉండాయి.”

“కూలెంట్ ఆ రంగే గదా.”

“కూలెంట్ ముద్దలు ముద్దలుగా ఉంటాదా? వాసన సూడండి. పసుపు. కూరలో ఏసే పసుపు.”

“పసుపా?”

“రేడియేటర్‌కు చిల్లు పడితే పోస్తారు. నాలుగు రోజులు కారకుండా నిలబడతాది. చిల్లు బండి అంటగట్టేవాళ్ల పని. పాత బండి కొనేముందు మూత తీసి సూడమని మా అన్నే చెప్పినాడు. మా అన్న బండి గదా అని నేను సూడలేదు.”

“పోనీలే రూపా.”

“ఏం పోనీలే! సైకిలు నేర్పింది ఆయన, స్టీరింగు పట్టించింది ఆయన. సొంత చెల్లెలికే పసుపు పోసి ఇచ్చినాడా?”

“నేనేమన్నా అంటే మీ వాళ్లను అన్నానంటావు. నేను నోరెత్తను.”

“మీరు ఎత్తద్దు. మీ మంచితనం సూసే మా ధనుంజయన్నకు అలుసైపోయినాం.”

“ముందు బండి కదిలితే గుడికి పోయి పూజ చేయించి...”

“పూజ యాడిది? మా అన్ననే గుడికి రమ్మంటాను. కోనేట్లో మునిగి, స్వామి ముందర ప్రమాణం చెయ్యమంటాను. చేసినాడా, నా అన్న. చెయ్యలేదా, ఈ పొద్దుతో నాకు అన్న లేడు.”

“ఇంట్లో మనుషులకు ప్రమాణాలేంది? కోపంలో ఉండావు. ఇప్పుడు ఫోన్ చెయ్యద్దు. ఇంటికి పోయినాక నిదానంగా...”

“చేసేసినాను. మీరు కూడా వినండి. అన్నా!”

“ఏం రూపా, దర్శనం అయిందా?”

“యాడ దర్శనం? ఐరాల దాటినాక ఆగిపోయింది నీ బండి.”

“ఆగదా మరి! రేడియేటర్ మార్చకుండానే అంత దూరం తోలినారా?”

“అంటే నీకు తెలుసు.”

“తెలుసు కాబట్టే గదమ్మా, శుక్రవారం దాకా షెడ్డులో ఉండనీ, కొత్తది ఏయించి ఇస్తాననింది. బావ విన్లా. నువ్వు మోజు పడినావంట, ఆగలేనన్నాడు. చిల్లు సంగతి నీకు తానే చెప్తానన్నాడే!”

“ఈయన నాకు చెప్తానన్నారా?”

“రూపా? చెప్పలేదా?”

“అన్నా, పసుపు పోసింది ఎవురు?”

“పోసేసినాడా? వద్దు బావా, నీళ్ల దారులన్నీ పూడిపోతాయి అని నిన్న ఫోన్‌లోనే అరిచినాను. రెండు గరిటెలు చాలునా అని అడగతా ఉండినాడు. ఆడనే ఉండాడా? ఇయ్యి ఫోను.”

“మళ్లా చేస్తాలే అన్నా. పెట్టేయ్.”

“రూపా...”

“అన్న లేడన్నాను నేను. మీరు విన్నారు. పక్కనే నిలబడి విన్నారు.”

“నువ్వు మూత తీస్తావనుకోలేదు రూపా.”