నిద్రపోయే పురుగులు

కోరుట్ల దారిలో నక్సలైట్ల కోసం బస్సు ఆపిన ఎస్సై, పురుగుల పరిశోధకుణ్ణి దింపి, పురుగును చూసినట్టే చూస్తూ అతని డైరీ చదివాడు.

“‘మేడిపల్లిలో నూరు, ముస్తాబాద్‌లో యాభై. దాగి నిద్రలో ఉన్నాయి. వానలకు లేస్తాయి.’ అన్నలల్ల ఏ దళం రా ఇది?”

“పత్తి పురుగులు సార్. తలల హార్మోన్ ఊరుడు ఆగితె పండుకుంటయి, మల్ల ఊరితె లేస్తయి.”

“గా హార్మోన్‌ది ఏ ఊరు?”

“మనిషి గాదు సార్, ఒంట్ల ఊరే రసం.”

పరిశోధకుడు సంచిలోంచి అంటుకున్న రెండు పత్తిగింజలను తీసి విడదీశాడు. మధ్యలో గులాబీ రంగు పురుగు.

“సచ్చింది గదరా! కదిలితెనే నమ్ముత. లేకుంటె జీపెక్కుడే.”

అతను గడ్డిపరకతో తాకాడు. పురుగు మెల్లగా మెలిక తిరిగింది.

“కదిలింది సార్!”

“సూసిన. పండుకున్నదాన్ని లేపిందెవడు?”

“నే... నేనే సార్.”

“గదే రాసుకుంటున్న. ఎక్కు జీపు.”